ఊపిరికి కాపలా

మేడం పోయారని మంగళవారం పొద్దున్నే మా నర్సు ఫోన్ చేసి చెప్పింది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఉన్నాను. వెనక హారన్లు మోగుతున్నా బండి కదిలించలేకపోయాను. రిటైరయ్యాక తెల్లాపూర్‌లో కూతురి దగ్గర ఉండేవారు. నిద్రలోనే వెళ్లిపోయారట. గుండె ఆపరేషన్లలో మత్తు ఇవ్వడం నాకు నేర్పింది ఆవిడే.

థియేటర్లో అందరి కళ్లూ గుండె మీదే. "ఊపిరితిత్తుల గోడు ఎవరికీ పట్టదండీ," అనేవారు మేడం. మమ్మల్ని, జూనియర్లని కూడా, 'అండీ' అనే పిలిచేవారు. గోదావరి వైపు అలవాటు.

నేను జూనియర్‌గా ఉన్నప్పుడు వచ్చిన నానక్‌రామ్‌గూడ పెద్దాయన గుర్తొస్తున్నాడు. క్వారీలో రాయి కొట్టీ కొట్టీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. పైగా గుండె కవాటం మార్చాల్సి వచ్చింది. గుండెను కాసేపు ఆపి, ఆ పని మిషన్‌కు అప్పగిస్తాం. దానివల్ల తర్వాత ఊపిరితిత్తులు వాచే ప్రమాదముంది. ఆ దెబ్బ తగ్గుతుందేమోనని మేడం ఒక యాంటీఆక్సిడెంట్ మందు ఇవ్వాలనుకున్నారు. కొత్తదేం కాదు, కఫం పలచబడటానికి వాడేదే.

పెద్దాయన భయం చూసి నోరు జారాను. "ఫికర్ చెయ్యకు తాతా. ఈ మందుతోని నీ ఊపిరికి ఏం గాదు."

మేడం నన్ను వరండాలోకి పిలిచారు. "ఏం కాదని మీకెవరు చెప్పారండీ? వెళ్లి ఆ మాట సరిచేసి రండి."

తల దించుకుని వెళ్లాను. "తాతా, ఆ మందు పనిజేస్తదో లేదో మాకు పక్కా తెల్వదు. చేస్తదని ఆశ, అంతే."

"మరి నువ్వు లోపల ఉంటవా?" అన్నాడు పెద్దాయన.

"ఉంట."

"మేడం?"

"ఆమె గూడ ఉంటరు."

"అయితే కానియ్యి."

ఆపరేషన్ అయిన మూడో రోజు వెంటిలేటర్ తీశాం. సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. "మందు పనిచేసింది మేడం!" అన్నాను ఎగిరి గంతేసినట్టు.

"చేసిందేమో. ఆయన మొండితనమేమో. ఒక్కరిని చూసి తేల్చకూడదండీ." అంటూనే నవ్వు దాచుకోలేకపోయారు.

ఆ తర్వాత ఏ రోగికీ నేను పక్కాగా తెలియని దాని మీద మాట ఇవ్వలేదు.

వెంటిలేటర్ తీసిన రోజు మధ్యాహ్నం పెద్దాయన మంచం మీద కూర్చుని, ఊపిరితిత్తుల కసరత్తుకి ఇచ్చే మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా గొట్టం నోట పెట్టుకుని గాలి లాగుతున్నాడు. ఒక బంతి లేచింది. రెండోది వణికింది. మంచం పక్కన మేడం, తనకు తెలియకుండానే, ఆయనతో పాటు ఊపిరి లోపలికి లాగి, భుజాలు పైకెత్తి, ఆ బంతి వైపే చూస్తూ నిలబడిపోయారు.