షుకూర్ ఒప్పుకోని తప్పు

పాల్వంచలో ఏది చెడినా తప్పు షుకూర్‌దే. ఇది ఊరివాళ్ళు వేసిన నింద కాదు. షుకూర్ తనంతట తానే నెత్తిన వేసుకున్న బరువు.

భద్రాచలం బస్సు ముప్పావుగంట ఆలస్యమైతే, స్టాండులో నిలబడ్డ పదిమందికీ చేతులు జోడించి, "తప్పు నాదే. నేను ఎక్కుదామనుకున్న బస్సు ఎప్పుడూ టైముకు రాదు. నేను రాకపోతే ఈపాటికి మీరంతా సారపాక దాటేటోళ్ళు" అనేవాడు. కరెంటు పోతే అదీ ఆయన తప్పే. ఊరి నెత్తి మీద అంత పెద్ద పవర్ ప్లాంటు ఉండగా కరెంటు పోవడానికి కారణం ఏమిటయ్యా అంటే, తన రిపేరు కొట్లో ఐదు కంప్యూటర్లు ఒక్కసారే ఆన్ చేశాడట.

ఆటో జైరాం ఒకసారి తన కొడుకు ల్యాప్‌టాప్ మీద చాయ్ ఒలకబోసి, భయపడుతూ కొట్టుకు తెచ్చాడు.

"తప్పు నాదే జైరాం" అన్నాడు షుకూర్, మూత విప్పకముందే.

"చాయ్ పోసింది నేను గదా భాయ్!"

"ఆ హోటల్ల చాయ్ మంచిగుంటదని నీకు చెప్పిందెవరు?"

ఇంట్లోనూ ఇదే వరస. కూరలో ఉప్పెక్కువైతే, ఉప్పు ప్యాకెట్ తెచ్చింది తాను కాబట్టి తప్పు తనది. ఆయన భార్య షాకేరా చుట్టుపక్కల వాళ్ళతో మొత్తుకునేది. "ఇరవై ఏండ్ల కాపురం. ఒక్క కొట్లాట పూర్తి కాలే. నేను మొదలువెట్టంగనే ఈయన తప్పు ఒప్పుకుంటడు. ఇంక ఎవరితోని కొట్లాడాలె?"

రాజ్యశ్రీ చిన్నప్పటినుంచీ ఈ కథలు విని నవ్వుకున్న మనిషే. ఆమె తండ్రి చెంచురామయ్యది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, కంపెనీ కాలనీలో కాపురం. అన్న నాగచైతన్య పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాడు. సొంతంగా ఒక మంచి కంప్యూటర్ కట్టుకోవాలని అతనికి మహా కోరిక. ఏ భాగం ఏ రకం కొనాలో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే కూడబెడదామని ముందుగా రెండు ర్యామ్ స్టిక్కులు షుకూర్ దగ్గర తెప్పించుకున్నాడు. కంప్యూటర్ చేస్తున్న పనిని గుర్తుపెట్టుకునే ముక్కలు అవి. జానెడు పొడుగు కూడా ఉండని వాటి అంచున రంగులు మారే లైట్లుంటాయి. అసలు వాటిని ఆ లైట్ల కోసమే ఎంచుకున్నాడని రాజ్యశ్రీ అనుమానం.

వాటిని కొట్లోంచి తీసుకుని, వానలో బండి మీద ఇంటికి వస్తూ, మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడ్డాడు. ఇరవై ఎనిమిదేళ్ళు.

ఆ ముక్కలున్న పెట్టె అతని సంచిలోనే ఉంది. దవాఖానా వాళ్ళు బట్టలతో పాటు తెచ్చిచ్చారు. పదకొండు నెలలు అది బీరువాలో ఉంది. పన్నెండో నెలలో రాజ్యశ్రీ దాన్ని బయటికి తీసి, అన్న రాసిన కాగితం పట్టుకుని షుకూర్ కొట్టుకు వెళ్ళింది. ఆమె పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. ఆ పని పాత ల్యాప్‌టాప్ మీద నడవడం లేదు. షుకూర్ కాగితం చూశాడు, పెట్టె చూశాడు, ఏమీ అనకుండా మిగతా సామాను తెప్పించాడు. ఇద్దరూ కలిసి ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ కట్టారు. కేబినెట్‌కు ఒక పక్క అద్దం. లోపల చైతన్య లైట్లు ఎరుపు, నీలం, పచ్చ.

తల్లి సుశీలమ్మ కుర్చీ తెచ్చుకుని ఆ అద్దం ముందు కూర్చుంది. అప్పటినుంచీ సాయంత్రం టీవీ మానేసి అక్కడే కూర్చునేది. "మావాడికి లైట్లంటే పిచ్చి" అనేది, అంతే.

మూడో రోజు కంప్యూటర్ ఆగిపోయింది.

ఏన్కూరు పగిడయ్య కూతురి పెళ్ళి ఆల్బమ్ పని జరుగుతోంది. తలంబ్రాలు పోయబోతున్న పెళ్ళికొడుకు చేతులు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండగా తెర మొత్తం నీలం అయిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే బాగానే ఉంది. పది నిమిషాలకు మళ్ళీ ఆగింది. ఆ తర్వాత రెండు రోజులు బుద్ధిగా నడిచి, మూడో రోజు పొద్దున్నే నాలుగుసార్లు పడింది. ఎందుకు ఆగుతుందో, ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు.

షుకూర్ సంచి భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలోంచే, "తప్పు నాదే చెల్లె" అన్నాడు.

ఆ రోజు కొంచెంసేపు ఒంటరిగా దాని ముందు కూర్చుని, రాజ్యశ్రీ చాయ్ తెచ్చేసరికి గబుక్కున ఆపేసి, "స్క్రూ గట్టిగ బిగించిన, అందుకే" అన్నాడు. మర్నాడు ప్రాసెసర్ వేడెక్కకుండా పెట్టే పేస్ట్ తాను పలచగా పూశానన్నాడు. తుడిచి మళ్ళీ పూశాడు. ఆ తర్వాత విండోస్ తాను తొందరలో వేశానని మళ్ళీ వేశాడు. ఒకరోజు గోడ ప్లగ్గు మార్చాడు. ఇంకోరోజు పెరట్లో ఎర్తింగ్ గుంతలో రెండు బిందెల నీళ్ళు పోసి, కాలనీ కట్టినప్పుడే తాను వచ్చి చూడకపోవడం తప్పన్నాడు.

"కాలనీ కట్టినప్పటికి నువ్వు పుట్టనేలేదు కదయ్యా!" అంది సుశీలమ్మ.

"గదే గదమ్మా తప్పు."

సుశీలమ్మ నవ్వింది. ఏడాదిలో ఆమె నవ్వడం రాజ్యశ్రీ అప్పుడే చూసింది. ఆ నవ్వు చూశాక కంప్యూటర్ మరో వారం బాగుపడకపోయినా ఫర్వాలేదనిపించింది. కానీ పగిడయ్య ఊరుకోడు కదా.

"ఏందమ్మా, పెండ్లయ్యి మూడు నెలలాయె!" అని ఫోన్లో అరిచేవాడు. "మీ ఆల్బమ్ వచ్చేసరికి మనవడు పుట్టేటట్టున్నడు. అండ్లనే వాని బారసాల ఫొటోలు గూడ పెడుతవా ఏంది?"

మూడు వారాలు గడిచాయి. ఏవేవో మారాయి. షుకూర్ ఊసెత్తనివి అన్న కొన్న ఆ రెండు ముక్కలే. ఒక మధ్యాహ్నం రాజ్యశ్రీ ఇంటర్నెట్‌లో చదివి, తానే ర్యామ్ పరీక్ష పెట్టింది. ఒక ముక్క తీసి, ఒక్కదానితో నడిపించింది. గంటసేపు ఏ గొడవా లేదు. దాన్ని తీసి రెండోది పెట్టింది. నాలుగు నిమిషాలకే తెర నిండా ఎర్ర గీతలు.

తల్లి నిద్రపోతోంది. రాజ్యశ్రీ ఆ ముక్కను కర్చీఫ్‌లో చుట్టుకుని షుకూర్ కొట్టుకు వెళ్ళింది. షుకూర్ లేడు, షాకేరా కూర్చుని ఉంది. కర్చీఫ్ విప్పి చూపించగానే షాకేరా ముఖం మారింది.

"పట్టేసినవా చెల్లె?" అంది. "మొదటి దినమే ఈయన పట్టిండు. నువ్వు చాయ్ వెడుతుంటే పరీక్ష పెట్టిండంట. ఇంటికొచ్చి అన్నం ముట్టలే. 'పిలగాడు ఆఖరికి కొన్న సామాను. అదే ఖరాబని ఆ తల్లికి ఎట్ల చెప్పాలె షాకేరా' అన్నడు. నేనేం చెప్త? ఇంక ఊర్లున్న తప్పులన్ని మీ ఇంట్ల వెతుకవట్టిండు."

అప్పుడే షుకూర్ చంకలో ఒక కొత్త డబ్బాతో లోపలికి వచ్చాడు.

"దొరికింది చెల్లె! పవర్ సప్లై. ఈసారి పక్కా. తప్పు నా..."

ఆమె చేతిలో ఉన్నది చూసి ఆగిపోయాడు. డబ్బాను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"నీకు ముందే తెలుసు గదా భాయ్?"

షుకూర్ కూర్చున్నాడు. ఈసారి తప్పు నాదే అనలేదు. అది చూస్తుంటే రాజ్యశ్రీకి ఒక సంగతి గుర్తొచ్చింది. అన్నను కాటికి తీసుకెళ్ళిన రోజు ఇంటి ముందు నూరు మంది ఉన్నారు. షుకూర్ కూడా ఉన్నాడు, వానలో తడుస్తూ గోడకు ఆనుకుని. బస్సు ఆలస్యానికి చేతులు జోడించే మనిషి, ఆ రోజు ఒక్క మాట అనలేదు. అదేమిటో అనుకుని మర్చిపోయింది.

"సామాను వచ్చింది, తీస్కపో తమ్మీ అని నేనే ఫోన్ చేసిన" అన్నాడు షుకూర్. "వాన పడుతున్నది. రేపు రమ్మంటే అయిపోతుండె. రమ్మన్న. వచ్చిండు. కూసొమ్మన్న, కూసోలే." డబ్బాను పక్కకు జరిపాడు. "ఆ పడుట్లనే ఇది దెబ్బతిన్నదేమో. అది మీకు తెలువద్దనుకున్న."

నిజంగా తనదనుకున్న తప్పు అదొక్కటే. అందుకే దాన్ని మాత్రం ఎవరి ముందూ ఒప్పుకోలేకపోయాడు.

రాజ్యశ్రీ కర్చీఫ్ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

"కూర్చోకపోయింది నా వల్ల" అంది. "నేను మూడుసార్లు ఫోన్ చేసిన. ఆకలవుతుంది, జల్దీ రా, నువ్వొస్తేనే తింటం అని. మూడోసారి తిట్టిన గూడ. ఇది అమ్మకు చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే."

"అయ్యో, నీదేం లేదు చెల్లె! అన్నను అన్నానికి పిలుచుడు తప్పెట్లయితది?" అన్నాడు షుకూర్ కంగారుగా.

"మరి సామాను వచ్చిందని చెప్పుడు తప్పెట్లయితది భాయ్?"

షుకూర్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. బయట జైరాం ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తాగుండ్రి" అంటూ షాకేరా ఇద్దరి ముందూ చాయ్ పెట్టింది. తాను కొంగుతో ముఖం తుడుచుకుంది.

సాయంత్రం ఇద్దరూ కలిసే సుశీలమ్మకు చెప్పారు. ముక్క సంగతీ చెప్పారు, ఫోన్ల సంగతీ చెప్పారు. ఆమె కూతురి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కొంచెంసేపటికి, "దానికి వారంటీ లేదా?" అంది.

"ఉన్నదమ్మా. కంపెనీకి పంపితే కొత్తది ఇస్తరు. కాని..." షుకూర్ నేల చూశాడు. "ఇది మళ్ళ రాదు."

"వాడుంటే ఏం చేసేవాడు? చెడిపోయినదాన్ని అద్దంలో పెట్టుకుని చూస్తూ కూర్చునేవాడా? నీ కొట్టుకొచ్చి కొట్లాడి మార్చుకుపోయేవాడు." కళ్ళు తుడుచుకుంది. "పంపించు నాయనా."

షుకూర్ కాగితం నింపాడు. కొన్నవారి పేరు దగ్గర, బిల్లులో ఉన్నట్టే, నాగచైతన్య అని రాశాడు. కింద ఒక గడి ఉంది: చెడిపోవడానికి కారణం. అక్కడ ఆయన పెన్ను ఆగింది. రాజ్యశ్రీ ఊపిరి బిగబట్టి చూసింది. ఈ మనిషి ఆ గడిలో తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు రాసినా ఆశ్చర్యం లేదు.

షుకూర్ చాలాసేపు ఆలోచించి, "తెలియదు" అని రాశాడు.

మిగిలిన ఒక్క ముక్కతో కంప్యూటర్ మెల్లగానైనా ఆగకుండా నడిచింది. పగిడయ్య ఆల్బమ్ పూర్తయింది. మనవడు ఇంకా పుట్టలేదు.

పదిహేను రోజుల తర్వాత, పొద్దున పది గంటల వేళ, గేటు దగ్గర కొరియర్ బండి ఆగింది.

"నాగచైతన్య గారిల్లు ఇదేనా?"

చెంచురామయ్య డ్యూటీలో ఉన్నాడు. తల్లీ కూతుళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కంప్యూటర్ ఫ్యాను శబ్దం వస్తోందని చూడ్డానికి వచ్చి, స్క్రూలు నోట్లో పెట్టుకున్న షుకూర్ కూడా. ఏడాదికి పైగా ఆ పేరు పట్టుకుని గేటు దగ్గర ఎవరూ పిలవలేదు. రాజ్యశ్రీ లేవబోయింది. సుశీలమ్మే ముందు లేచింది.

"ఇదే నాయనా."

"సార్ ఉన్నారా అమ్మా? సంతకం కావాలె."

"నేను వాళ్ళమ్మను. నేను పెడతాను."

పెట్టింది. నిదానంగా, పూర్తి పేరు. ప్యాకెట్ తెచ్చి షుకూర్ చేతికిచ్చింది. కొత్త ముక్క పాతదాని పక్కన కూర్చుంది. రెండూ ఒకేసారి వెలిగాయి.

ఆ రోజంతా షుకూర్ దాని ముందే కూర్చున్నాడు. రాజ్యశ్రీ పెద్ద పెద్ద ఫొటోలు తెరిచింది, వీడియోలు పెట్టింది. ఆగలేదు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది. ఆయన ముఖంలో సంతోషం ఉంది కానీ, దాని కింద ఏదో దిగులు కూడా కనిపించింది.

చివరికి లేచి సంచి సర్దుకున్నాడు. "ఇంక పోతనమ్మా. ఇది ఆగుతలేదు. నాకు పని లేదు."

"అది ఆగితేనే రావాలని ఎవరన్నారు?" అంది సుశీలమ్మ. "రేపు పచ్చిపులుసు చేస్తాను. షాకేరాను తీసుకుని రా."

మర్నాడు వచ్చారు. షాకేరా చేతిలో సేమ్యా గిన్నె ఉంది. షుకూర్ భుజాన స్క్రూడ్రైవర్ల సంచి ఉంది.

"అన్నానికొస్తూ అదెందుకు భాయ్?" అని అడిగింది రాజ్యశ్రీ.

"నేనూ అదే అన్న చెల్లె" అంది షాకేరా. "ఇంటికాడ పెట్టి రా అన్న. వద్దన్నడు. గట్టిగనే వద్దన్నడు! ఇరవై ఏండ్లకు మొదటిసారి తప్పు నాదే అనకుండ మాటకు మాట చెప్పిండు. సెంటర్ దాక కొట్లాడుకుంట వచ్చినం."

అలా చెబుతుంటే ఆమె ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోయింది.