మూడో కారణం రొట్టె

జమ్రూద్ ఖాన్‌కూ, ఆయన అన్న మౌల్వీ ఫజల్ వాహిద్‌కూ మధ్య మాటల్లేక ఏడేళ్లయింది. ఒకటే వాకిలి, ఒకటే బావి, ఒకటే తందూరు. నోళ్లు మాత్రం వేరు. ఆ నోటి మాటను ఈ చెవికీ, ఈ నోటి మాటను ఆ చెవికీ చేరవేసే పని జమ్రూద్ కూతురు బస్మీనాది. ఆమెకు తండ్రి బాబా, పెదనాన్న కాకా. నలుగురిలో నోరు విప్పాలంటే చెమటలు పట్టే మనిషికి మాటలు మోసే కొలువు ఇచ్చాడంటే, పైవాడికి హాస్యం బాగా తెలుసని ఆమె అనుకునేది.

గొడవంతా బడి గురించి. ఆడపిల్లల బడిని ఒక రాత్రి ఎవరో పేల్చేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, నల్లబల్ల ఎగిరి మొక్కజొన్న చేలో పడింది. బస్మీనాది అప్పుడు ఎనిమిదో తరగతి. తెల్లారితే లెక్కల పరీక్ష. పరీక్ష బెడద తప్పిందని ఆమె మొదట సంబరపడింది. పరీక్షతో పాటు బడి కూడా పోయిందని బుర్రకెక్కడానికి వారం పట్టింది. చురుకైన పిల్లేనని పంతులమ్మ ఊరికే అనలేదు మరి.

ఆ పేలుడుకు ముందు వాళ్ల హుజ్రాలో ఒక అతిథి దిగాడు. హుజ్రా అంటే వాకిలి పక్కన ఉన్న పెద్ద గది, అన్నదమ్ములిద్దరి ఉమ్మడి ఆస్తి. గడప తొక్కినవాడు ఎవరైనా సరే, అన్నం పెట్టాలి, పడక వేయాలి. మూడు రోజులు గడిచేదాకా నువ్వెవరని అడగకూడదు. అతను సరిగ్గా మూడు రోజులే ఉన్నాడు, అడిగే అవకాశమే ఇవ్వలేదు. తుపాకులు చేసే జమ్రూద్ అతనికి ఒక పిస్తోలు అమ్మాడు. మంచి మాటకారి కదా అని మౌల్వీ శుక్రవారం మసీదు మైకు ఇచ్చాడు. ఆ మైకులో అతను ఆడపిల్లల చదువు మీద నిప్పులు కక్కాడు. తర్వాత మాయమయ్యాడు. ఆ వెనకే బడి పేలిపోయింది. చేసింది అతనేనని ఎవరూ చూడలేదు, కాదని ఎవరూ నమ్మలేదు.

"మీ కాకాతో చెప్పు," అంటాడు జమ్రూద్, పిస్తోలు గొట్టాన్ని ఆకురాయితో రుద్దుతూ. "వందేళ్ల నుంచి ఈ దర్రా బజారులో తుపాకులు చేస్తున్నాం. ఒక్క బడి కూలిందా? మైకులో మంట పుట్టాకే కూలింది. ఇనుముకి కోపం రాదే పిల్లా, ఎవడో ఎక్కించాలి. పైగా నేను చేసేది పిస్తోళ్లు, మందుగుండు కాదు!"

"మీ బాబాతో చెప్పు," అంటాడు మౌల్వీ, జపమాల తిప్పుతూ. "పద్నాలుగు వందల ఏళ్లుగా ఈ గ్రంథం చదువుతున్నాం. ఎన్ని బళ్లు కూలాయిట? కోపం ఆదాము కొడుకుల నుంచీ ఉంది. చేతిలో రాయి ఉన్నప్పుడు ఒక తల పగిలేది. వీడి బజారు సరుకు వచ్చాక ఊళ్లు పగులుతున్నాయి. పైగా ఆ మాటలు నావి కావు, మైకు ఒక్కటే నాది!"

పెద్దలు ఇలా మతమా, మారణాయుధమా అని ఏడేళ్లు తగువులాడుతుంటే, మూడో కారణం రొట్టె అని బస్మీనాకు మాత్రమే తెలుసు. ఆ అతిథి ఒకసారి లోపలికి వినబడేలా, "ఇంత మెత్తటి రొట్టె నా జన్మలో తినలేదు" అన్నాడు. ఆ రొట్టెలు చేసింది పద్నాలుగేళ్ల బస్మీనా. పొంగిపోయి, అదనంగా రెండు పంపింది. మూడో రోజు వెన్న కూడా రాసింది. తన బడిని పేల్చేవాడికి దగ్గరుండి బలం పోసిన విద్యార్థిని దేశంలో తనొక్కతేనని ఆమె నమ్మకం.

ఇప్పటికీ ఆమె దినచర్య అదే. పొద్దున కాకా దగ్గర చిన్నపిల్లలతో ఖురాను వల్లె వేయించడం, మధ్యాహ్నం బాబా పిస్తోళ్ల అక్రోటు కర్ర పిడులకు గరుకు కాగితం పట్టించడం, సాయంత్రం రొట్టెలు. ఆమె ఒక్కతే ఒక పూర్తి ముఠా.

ఈ వసంతంలో కోహాట్ పట్నం నుంచి ఒక పంతులమ్మ కబురంపింది: ఒక గది చూపిస్తే ఆడపిల్లలకు చదువు చెబుతుందట. ఊళ్లో ఖాళీగా ఉన్నది హుజ్రా ఒక్కటే. తగువు రోజు నుంచీ దాని తలుపుకు రెండు తాళాలు, అన్నదొకటి, తమ్ముడిదొకటి. అవతలివాడు తప్పు ఒప్పుకుంటేనే తన తాళం తీస్తానని ఇద్దరూ భీష్మించారు. పంతులమ్మ నెలాఖరుదాకా చూసి వేరే ఊరు వెళ్లిపోతుంది. బస్మీనా గుండెలో మాత్రం ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం తెరుచుకుని కూర్చుంది. పెళ్లీడు దాటుతున్న మనిషి ఆ మాట పైకెలా అంటుంది?

అందుకని ఆమె తన కొలువుకు ద్రోహం చేసింది.

"కాకా, తప్పు తనదేనని బాబా అంటున్నాడు," అంది ఇటు.

"బాబా, తప్పంతా తనదేనని కాకా అన్నాడు," అంది అటు.

ఇద్దరూ కరిగిపోయి తాళంచెవులు తీస్తారని ఆమె లెక్క. లెక్కల్లో ఆమె ఎప్పుడూ అంతంతమాత్రమే.

మౌల్వీ ఎగిరి లేచాడు. "చిన్నవాడు నేరం నెత్తిన వేసుకుంటే, పెద్దవాణ్ని నేను తలపాగా చుట్టుకుని ఊరేగనా? వాడికంత పెద్దరికం ఎవరిచ్చారు? తప్పు నాది!"

జమ్రూద్ ఆకురాయి విసిరికొట్టాడు. "ఔదార్యంలో నన్ను ఓడిద్దామనా? తప్పు నాదే అని మొహాన చెప్పొస్తా!"

ఏడేళ్ల తర్వాత ఇద్దరూ వాకిట్లో ఎదురుపడ్డారు, సరిగ్గా ముసలి తల్లి మంచం దగ్గర.

"నా పిస్తోలు లేకపోతే వాడికి అంత ధైర్యం ఎక్కడిది లాలా?" అన్నాడు జమ్రూద్, అన్నను పాత పిలుపుతో పిలుస్తూ. "నేరం నాది!"

"నోరుముయ్! ధైర్యం పోసింది నా మైకు. నేరం నాది!"

"నాది!"

"నా మంచం అదురుతోంది," అంది ముసలమ్మ. "నేరం పంచుకోవాలంటే అవతలికి పోయి కొలుచుకోండి."

"ముందు ఒప్పుకున్నది నువ్వే కదరా!" అన్నాడు మౌల్వీ.

"నేనా? ఒప్పుకున్నది నువ్వు!"

రెండు గడ్డాలూ ఒక్కసారి బస్మీనా వైపు తిరిగాయి. ఆమె చెప్పాలనుకున్నది చదువు గురించి. నోట్లోంచి ఊడిపడింది మాత్రం ఇది: "రొట్టెలకి వెన్న నేనే రాశాను."

"ఏ రొట్టెలు?"

"ఆ అతిథికి. మెత్తగా ఉన్నాయన్నాడని." ఆమెకు ఏడుపొచ్చింది. "మీరు పిస్తోలు, మైకు అంటున్నారు. నేను వెన్న రాసి పంపాను. నా బడే పోయింది. నాకు ఎనిమిదో తరగతి పూర్తి చెయ్యాలనుంది."

ఎక్కడో బజారులో ఎవరో తుపాకీ సరిచూసుకుంటూ గాల్లోకి పేల్చారు. ఎవరూ తల తిప్పలేదు.

"అబద్ధాలు మోసినందుకు దీన్ని కొట్టాలి," అన్నాడు జమ్రూద్, మీసం చాటున నవ్వు దాచుకుంటూ.

"కొట్టాలి," అన్నాడు మౌల్వీ. "ముందు తాళం తియ్యి."

"పెద్దవాడివి, నువ్వు తియ్యి లాలా."

"మర్యాదలో నన్ను ఓడిద్దామనా?"

దాని మీద ఇంకాసేపు తగువు నడిచింది. చివరికి ముసలమ్మే లేచొచ్చి రెండు తాళంచెవులూ లాక్కుంది.

మతమా, ఆయుధమా అన్నది నేటికీ తేలలేదు. ఆ ఇంట్లో ఇప్పుడది భోజనాల దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకుంటూనే నడుస్తోంది. బస్మీనా కొలువు పోయింది. మొదటి రోజు ఆమె చివరి వరసలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా, ఏడేళ్ల పిల్ల పక్కన కూర్చుంది. పంతులమ్మ ఒక పాఠం చదివి, "నేను చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పండి" అంది. బస్మీనా వంతు వచ్చింది. చెమటలు తుడుచుకుని చెప్పింది.

పక్కపిల్ల వెంటనే చెయ్యెత్తింది. "టీచర్! ఈ అక్క సొంతంగా కలిపి చెప్తోంది!"