తెర వెనక టీచరమ్మ

గురువారం మధ్యాహ్నం ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలో నేను పనిచేసే మేడం వాళ్ళింట్లో గిన్నెలు తుడుస్తుంటే ఫోన్ మోగింది. హమ్రియాలో మా టీచరమ్మతో కలిసి ఉండే ఆవిడ చెల్లెలు, నర్సు. "అక్క పొద్దున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా," అంది. చేతిలో ఉన్న గిన్నెనే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ నిలబడిపోయాను.

టీచరమ్మది గోదావరి జిల్లా. ఇక్కడ ఒక బడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పారు. శుక్రవారం సాయంత్రాలు మాత్రం మాలాంటి ఇంటిపనివాళ్ళకి తమ ఇంట్లోనే ఊరికే చెప్పేవారు. నాతో కలిపి నలుగురం. నేను కడప నుంచి వచ్చినదాన్ని. పదో తరగతి లెక్కల్లో తప్పి చదువు మానేశాను. ఆ పరీక్ష మళ్ళీ రాసి గట్టెక్కాలని నా ఆశ.

ఆమెకి పైథాగరస్ బడి అంటే పిచ్చి. ఎప్పటిదో ఆ గ్రీకు బడి పక్కవీధిలోనే ఉన్నట్టు చెప్పేవారు. అందులో ఆడవాళ్ళనీ చేర్చుకున్నారట. చిక్కుళ్ళు మాత్రం ముట్టకూడదట. "నన్నైతే మొదటిరోజే గెంటేద్దురు," అంటూ చిక్కుడుకాయ కూర ఇంకో గరిటె వేసుకునేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఐదేళ్ళు నోరెత్తకుండా తెర వెనక కూర్చుని గురువు మాట వినాలట. టీచరమ్మ ఆ ఐదేళ్ళని ఐదు శుక్రవారాలు చేసి, హాల్లో తాడు కట్టి నీలం దుప్పటి వేలాడదీశారు.

నన్ను దాని వెనక కూర్చోమనగానే ఒళ్ళు మండింది. "వారమంతా డ్యూటీలో నోరు మూసుకోనే ఉంటా గదమ్మా. ఈడ గూడా మూసుకోవాల్నా?" అనేశాను. చెప్పులేసుకుని వెళ్ళిపోదామనే అనుకున్నాను.

టీచరమ్మ దుప్పటి పక్కకి లాగారు. "తప్పు నాదేనే అమ్మాయ్. అది వాగేవాళ్ళకి పెట్టిన రూలు. నువ్విటు రా, నేనే అటు కూర్చుంటాను," అన్నారు. నిజంగానే స్టూలు పట్టుకెళ్ళి కూర్చున్నారు.

ఐదు వారాలనుకున్నది ఏడాది దాటింది. ఒక వారం ఆమె చెప్పింది మరుసటి వారం నేను చెప్పాలి. తప్పు చెబితే తెర వెనక నుంచి చిన్న దగ్గు. సరిగ్గా చెబితే ఏ చప్పుడూ ఉండదు. ఒకరోజు బట్టలారేసే తాడుకి ముడులేసి పన్నెండు సమాన భాగాలు చేశాను. మూడు భాగాలు ఒక వైపు, నాలుగు ఒక వైపు, ఐదు ఏటవాలుగా అని పైకి చెబుతూ నేల మీద పరిచాను. మూల సరిగ్గా గోడమూలలా కుదిరింది. దగ్గు కోసం ఎదురుచూశాను, రాలేదు. అంతసేపు నా మాట విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఏడుపొచ్చేసింది.

గ్రహాలు తిరుగుతూ పాడతాయని ఆ బడివాళ్ళ నమ్మకమట. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మనకి వినపడదట. "ఏసీ ఆగాక గానీ దాని మోత తెలీదు చూడూ, అలాగన్నమాట," అనేవారు తెర వెనక నుంచి. పొద్దువాలే ఎండ కొండల మీద నుంచి కిటికీలోకి వచ్చి, దుప్పటి మీద ఆమె నీడ పడేది. ఆ నీడకి చెబుతుంటే నాకు భయం ఉండేది కాదు. నేనెక్కడున్నానో కూడా మర్చిపోయేదాన్ని.

వచ్చే నెలలో నా పరీక్ష. ఆమె దేహాన్ని సొంతూరికి పంపేశాక వచ్చిన మొదటి శుక్రవారం మేం నలుగురం వాళ్ళింటికి వెళ్ళాం. చెల్లెలు దుప్పటి తియ్యలేదు, స్టూలూ తియ్యలేదు. "నువ్వు చెప్పమ్మా," అంది నాతో. తాడు పరిచాను.

"మూడు, నాలుగు, ఆరు," అన్నాను, కావాలనే.

ముగ్గురూ తలెత్తి చూశారు, ఎవరూ దిద్దలేదు. ఏసీ గాలికి నీలం దుప్పటి మెల్లగా ఊగింది. అందరం అటే చూస్తూ కూర్చున్నాం, ఒక్క దగ్గు కోసం.