మగ్రిబ్ తర్వాత మిగిలిన ఆట

మా బావగారు నిద్రలోనే వెళ్లిపోయారని పోయిన ఆదివారం భీమవరం నుంచి ఫోను వచ్చింది. ఇంటరు తర్వాత నేను ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. కానీ ఆయన ఆట నేర్పిన పిల్లలు తలా ఒక దేశంలో ఉన్నారు. సమాధి దగ్గర నిలబడి ఆ ఫైనల్ సాయంత్రం సంగతి చెప్పడానికి ఒక్కరూ లేకపోయారు. అందుకే, అమ్మాయిలూ, మీకోసం కలం పట్టాను.

బావగారంటే మావారి అన్నగారు. సౌదీలోని రాస్ తనూరాలో వెల్డింగు పని. శుక్రవారం అల్ ఖోబర్‌లో మా ఇంటికొచ్చి, ప్రార్థన ముగిశాక, మీ అందరినీ పోగుచేసి ఫుట్‌బాల్ ఆడించేవారు. ఆడపిల్లలకు బంతి ఏమిటని నసిగిన తల్లుల ఇళ్లకు వెళ్లి, టీ తాగి మరీ ఒప్పించారు. ఖర్జూరాలు తిని, గింజలు చాప మీద పేర్చి, ఎవరెక్కడ నిలబడాలో చూపించేవారు.

అంతకు ముందు ఏడాది ఫైనల్లో మా అమ్మాయిని దాటుకుని వెళ్లి అవతలి జట్టు పొడుగు పిల్ల గోల్ కొట్టింది. ఈసారి కూడా తనవల్లే పోతే ఇంక బూట్లు తొడగనని అది వాళ్ల పెదనాన్న వింటుండగా నాతో అంది. ఆ సాయంత్రం ఫైనల్లో మళ్లీ అదే జట్టు, అదే పొడుగు పిల్ల. మనకు ఒక గోల్ ఆధిక్యం. ఇంకాసేపట్లో అయిపోతుందనగా పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. రిఫరీ ఆట ఆపి నమాజుకు వెళ్లాడు.

ఆ విరామంలో తల్లులందరూ మైదానం అంచున బావగారు పరిచిన చాప చుట్టూ మూగారు. ఇన్నాళ్లకు గెలవబోతున్నాం, పిల్లలందరినీ వెనక్కి పిలిచి గోల్ ముందు నిలబెట్టమని బతిమాలారు.

"గుమ్మంలో అందరూ అడ్డంగా నిలబడితే, వచ్చేదెవరో మనకే కనపడదండీ," అని ఆయన నవ్వారు.

తర్వాత గింజలు పేర్చారు. అన్నీ ముందే. వెనకాల ఒక్కటి, మా అమ్మాయి. నేను ఉండబట్టలేకపోయాను.

"దాన్ని ఒంటరిగా వదిలేస్తున్నారు బావగారూ. మీ నమ్మకమంతా ముందువాళ్ల మీదే."

"కాదమ్మా. వెనకాల ఎవరున్నారో తెలిసినోడే ముందుకి పంపుతాడు. నేను నమ్మింది దీన్నే."

అది విన్న మా అమ్మాయి బూట్ల తాళ్లు విప్పి మళ్లీ కట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. దేవుణ్ని గెలుపు అడగలేదు, బిడ్డ గుండె నిలబెట్టమని అడిగాను.

లైట్లు వెలిగాయి. ఆట మొదలవగానే పొడుగు పిల్ల బంతితో దూసుకొచ్చింది. మా అమ్మాయి ఎదురు ఉరకలేదు, కాచుకుంది. ఆ పిల్ల బంతిని పక్కకు నెట్టిన క్షణంలో అందుకుని దూరంగా తన్నింది. అక్కడ మీరంతా ఉన్నారు. రెండో గోల్ పడింది. పొడవాటి నల్ల అబాయాల్లో ఉన్న తల్లులందరం గెంతులు వేశాం.

బావగారు మాత్రం కూర్చున్నచోటు నుంచి కదలకుండా అడిగారు. "ఏమే, బూట్లు అటకెక్కిస్తావా?"

"వచ్చేవారం ఎన్నింటికి పెదనాన్నా?" అంది అది.

పొగడ్తలు ఆయనకు గిట్టేవి కావు. కాబట్టి ఈ కాగితాలు దాచుకోండి, ఎవరికీ చూపించకండి. ఆ సాయంత్రం చాప మడుస్తూ గింజలన్నీ దులిపాను. వెనకున్న ఆ ఒక్కదాన్ని దులపబుద్ధి కాలేదు. అది చాప అంచున ఒంటరిగా, ఏ కంగారూ లేకుండా, లైట్ల వెలుగులో మెరుస్తూ ఉంది.