నా చేతికి కుదిరిన నెక్

ఎల్‌బీ నగర్ మెట్రో దిగి నడుస్తుంటే టింబర్ డిపోలో మహాగని కోస్తున్న వాసన వచ్చింది. కాస్త తియ్యగా, కాస్త మిరియంలా ఘాటుగా. ఆ వాసనకు నాకు అంజయ్య గారు గుర్తుకొస్తారు. నల్గొండ వైపు పల్లె నుంచి తలుపులు, కిటికీలు చేసే పని మీద నగరానికొచ్చిన మనిషి. ఎవరిదో విరిగిన గిటార్ బాగుచేయబోయి, ఆ పనిలోనే ఉండిపోయారు. సైదాబాద్‌లో ఒక ఇరుకు గదిలో గిటార్లు తయారుచేసేవారు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు గిటార్ నేర్పేదాన్ని. ఒక వానాకాలం ఆటో బోల్తాపడి ఎడమ మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ బొటనవేలు మునుపటిలా వంగలేదు. గిటార్ నెక్, అంటే తీగలు నొక్కే ఆ పొడవాటి కర్ర, నా గుప్పిట్లో ఇమడటం మానేసింది. ఒక్క పాట పూర్తికాకుండానే చెయ్యి మంటెత్తేది. ఇంట్లో అందరూ అలవాటైపోతుందిలే అన్నారు. కాలేదు. క్లాసులు ఆపేశాను. గిటార్‌ను ఎవరికైనా ఇచ్చేయమని అంజయ్య గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన గిటార్‌ను పక్కనపెట్టి, నా అరచేతిని తిప్పి తిప్పి చూశారు.

"ఇంక ఇది ఇంతేనన్నారండీ డాక్టరు గారు," అన్నాను.

"చెయ్యి ఇంతే అయితె కానియ్యి బిడ్డా. నెక్కు మన చేతులనే ఉన్నది గద."

మర్నాటి నుంచి నా మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. ఆయన ఆకురాయితో నా గిటార్ నెక్‌ను కొంచెం రుద్ది నా చేతికిచ్చేవారు. "కండ్లు మూసుకొని పట్టు. ఏడ గుచ్చుతున్నది?" నేను చూపిన చోట పెన్సిల్‌తో గీసి, అక్కడ మాత్రమే మళ్లీ రుద్దేవారు. అంతా కుదిరిందనుకున్న రోజున, బొటనవేలు ఆనేచోట చెక్క మరీ పలచబడి, నెక్ వంగకుండా లోపల పెట్టే ఇనుప కడ్డీ బయటపడింది.

నా ప్రాణం ఉసూరుమంది. "పర్లేదండీ, ఏదో ఒకటి పూసి సర్దేయండి. వాయించుకుంటాను."

"జిందగీ అంత పట్టుకునేదానివి. సర్దుకునుడు ఏంది?" అని కసిరి, దాన్ని పక్కకు పెట్టి ఇంకో చెక్క తీశారు. నాకు ఏడుపొచ్చింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి, నేను సర్దుకోనక్కర్లేదన్న మనిషి ఆయనొక్కరే.

ఈసారి సగం పనయ్యాక ఆకురాయి నాకే ఇచ్చారు. "నీ చెయ్యి నాకంటె నీకే ఎరుక. నువ్వే రుద్దు."

"మళ్లీ పాడైతే?"

"గంత పరేషాన్ ఎందుకు? చెక్కలకేం కరువు?"

భయపడుతూనే రుద్దాను. ఒకవైపు పలచగా, ఒకవైపు నిండుగా, చూడ్డానికి వంకరగా తయారైంది. తీగలు బిగించిన రోజు ఒక పాట చివరిదాకా వాయించాను. చేతిలో మంట లేదు. అంజయ్య గారు తలెత్తకుండా, "ఇంకోటి వాయించు," అన్నారు. వాయించాను.

ఆయన పోయి చాలా కాలమైంది. నేను మళ్లీ పిల్లలకు నేర్పుతున్నాను, తీరిక దొరికితే నెక్‌లు కూడా చెక్కుతున్నాను. క్లాసులో ఏ పిల్లయినా వేళ్లు నొప్పెడుతున్నాయంటే, ఓర్చుకోమనడం నాకిప్పటికీ చేతకాదు. పాఠం ఆపి, ఆ పిల్ల పక్కన కూర్చుంటాను.