ఎలుకలు కొట్టిన గోనెసంచి

భర్త పరశురాములు ఉన్నన్నాళ్లూ అండాలుకు మగ్గం చప్పుడుతోనే తెల్లారేది. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, ఆమె పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టేది. మధ్యలో రెండు గ్లాసుల చాయ్. మాటలు తక్కువ. నిరుడు వానాకాలంలో ఆయన గుండె ఆగింది, దానితో మగ్గమూ ఆగింది.

ఇప్పుడు ఆమెను పొద్దున్నే లేపేది ఒక పిల్లి. లేపడమంటే ముద్దుగా ఏం కాదు. గుండెల మీద ఎక్కి కూర్చుని, మూతి మీద మూతి పెట్టి, పాలేవని నిలదీస్తుంది. ఆ ఇంట్లో చాయ్ గ్లాసు ఒకటి తగ్గి, పాలగిన్నె ఒకటి పెరిగింది.

అది మొన్న ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కి, ఎడమ చెవి చినిగి, ఎవరి పిల్లో పోల్చుకోలేనంతగా ఒళ్లంతా దుమ్ము. ఎవరినీ అడగకుండా మగ్గం గుంటలోకి దిగి పడుకుంది. ఆయన పోయినప్పటినుంచి ఆ గుంట ఊడ్వడానికి కూడా అండాలుకు చేతులు రాలేదు, అలాంటి చోట! మూడోరోజు లేచి, పెట్టిన అన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది.

"అబ్బో, దొరసాని!" అంది అండాలు.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి తనే ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో గొంతు లేచి నెలలైంది మరి. పిల్లికి అదే పేరు నిలిచింది.

దొరసానికి కుక్కన్నా లెక్కలేదు. గోనెసంచి అంటే మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. అండాలు సంచి దులిపితే చాలు, తోక పొరకకట్టంత చేసుకుని అటక ఎక్కేస్తుంది. ఇక పూటంతా దిగదు. ఎందుకో ఎంత ఆలోచించినా అండాలుకు అంతుపట్టలేదు.

చలి మొదలయ్యాక ఆ సంగతి పక్కింటి లీలమ్మ చెప్పింది. చెప్పాలని కాదు, ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు గోనెసంచి చంకన పెట్టుకుని వచ్చింది.

"అక్కా, ఎలుకలు కొట్టినయ్. గీ బొక్క జర కుట్టియ్యవా?"

గోనెకు దబ్బనం పట్టాలంటే ఆ వాడలో అండాలు చేయే చేయి.

"ఇంత బొక్కనా! బియ్యం పోస్తవా ఏంది ఇందుల?"

"బియ్యం కాదక్కా, నీ పిల్లి. నీ పిల్లి అంటున్న గని, అసలు అది మా పిల్లే. మీ మరిది చీరెలు పట్టుకొని షావుకారు కాడికి ఎల్లిండంటే సాలు, ఎదురొచ్చుడే. అది ఎదురొచ్చిన నాడల్లా షావుకారు ఏదో ఒక వంక పెడ్తడు. ఇగ ఎండాకాలంల గోనెలేసి, మూతి కట్టి, చిట్యాల దాటినంక రోడ్డు అవతల ఇడిసొచ్చిండు. తొవ్వ మర్వాలెనని సంచిని మూడుసార్లు గిరగిర తిప్పిండు గూడ."

అండాలుకు ఆ బొబ్బలెక్కిన కాళ్లు గుర్తొచ్చాయి. "గా ఎండల, గా లారీల నడుమ... మరి ఎట్లొచ్చింది?"

"గదే గద! గంత దూరం నడిచొచ్చింది మా ఇంటికి రావద్దా? మా గోడ మీదికెల్లి దుంకి నీ ఇంట్ల పడ్డది. రోషం సూడు దానికి! ముందు మా గడపల కెల్లి ఎదురొచ్చేది, ఇప్పుడు నీ గడపల కెల్లి వస్తాంది. ఈపారి కృష్ణ దాటిచ్చి వస్త అంటుండు మీ మరిది."

"వేరే సంచి లేదా?" అనేసి అండాలు నాలుక కరుచుకుంది.

"ప్లాస్టిక్ సంచిల ఊపిరాడక సస్తే? పిల్లిని సంపిన పాపానికి బంగారు పిల్లిని చేపిచ్చి దానమియ్యాలెనట. మాతోని అయితదా? ఇగ గోనెలంటవా, అన్నిటినీ ఎలుకలు కొట్టినయ్. పిల్లి లేని ఇల్లాయె!"

తను ఏమన్నదో లీలమ్మకు తట్టనే లేదు. అండాలు తలొంచుకుని బొక్కను చూస్తున్నట్టు నటిస్తూ నవ్వు దాచుకుంది. నవ్వు పోయాక భయం మిగిలింది. ఆ ఇంట్లో తనది కాక ఇంకొక ఊపిరి అంటూ ఉంటే అది దొరసానిదే. అది కాస్తా కృష్ణ దాటితే మళ్లీ పొద్దున్నే ఎవరు లేపుతారు? కాదనడం మాత్రం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. ఎవరికైనా కాదని చెప్పవలసి వస్తే పరశురాములే చెప్పేవాడు.

అందుకని సంచి తీసుకుని లోపల పెట్టింది.

సోమవారం లీలమ్మ అడిగితే, "సుతిలి దారం దొర్కలే" అంది. మరునాడు, "మంగళారం సూది పడ్తరా ఎవలన్న?" అంది. బుధవారం కళ్లు మసకలన్నది. గురువారం లీలమ్మే సుతిలి ఉండ తెచ్చి చేతిలో పెట్టింది.

"దబ్బనం కనపడ్తలేదు లీలా."

దబ్బనం లీలమ్మ తల వెనకాల గోడకే గుచ్చి ఉంది. అండాలు అటు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడింది.

అన్నాళ్లూ ఆ సంచి మగ్గం గుంటలో పరిచి ఉంది. మొదటి రెండు రోజులు దొరసాని అటక మీదినుంచి బుసలు కొట్టింది. అండాలు సంచి పక్కన కూర్చుని, కండె దారం ఒకటి బొక్కలోంచి పైకి తీసి ఆడించేది. మూడోరోజు పిల్లి అటక దిగింది. నాలుగోరోజు దారం మీద పంజా వేసింది. ఆ తర్వాత దారం మళ్లీ ఎప్పుడు పైకి వస్తుందో చూడాలని సంచి మీదే కాపు కాసింది. మగ్గం ముందు ఒక్కతే కూర్చుని అండాలు గట్టిగా నవ్వడం గోడవతల లీలమ్మకు వినబడింది.

ఆదివారం లీలమ్మ మొగుడు సిద్దయ్యే స్వయంగా వచ్చాడు.

"వదినె, సంచి అయ్యిందా?"

"గుంటల ఉంది, తీస్కపో."

సిద్దయ్య వంగి చూశాడు. సంచి మీద దొరసాని చుట్ట చుట్టుకుని గుర్రు పెడుతోంది. ఒక కాలు బొక్కలోకి దూరిపోయి ఉంది.

"గిదేంది! గోనె అంటె గుండె పలిగే పిల్లి!"

"లేపుకో మరి. రేపు చీరెలు ఇచ్చేది ఉందంట గద. ఇయ్యాల్నే ఎదురు రప్పిచ్చుకుంటవా?"

సిద్దయ్య చాచిన చేయి టక్కున వెనక్కు తీసుకున్నాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"సరే, ఉండనియ్. నేను ఎల్లేటప్పుడు మాత్రం నీ తలుపు పెట్టుకో వదినె."

"నువ్వు దగ్గుకుంట ఎల్లు, పెడ్త. ఎలుకల కోసం కావాల్నంటే కిరాయికి పంపుత. పూటకు పావు లీటరు పాలు. అన్నం ముట్టదది."

సిద్దయ్య పిల్లిలా మునివేళ్ల మీద నడుచుకుంటూ గడప దాటాడు.

అండాలు గోడకున్న దబ్బనం తీసింది. లీలమ్మ తెచ్చిన సుతిలి ఎక్కించింది. గుంట దగ్గరికి వెళ్లి, బొక్కలో ఆ కాలిని చూసింది. దబ్బనాన్ని మళ్లీ తెచ్చి గోడకే గుచ్చింది.