తూర్పు గ్యాలరీకి తాళం వేసిన మనిషి

కాక పోయాడని రుసైల్ లేబర్ క్యాంపు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను స్టేడియంలో నిచ్చెన మీద ఉన్నాను. ఫ్లడ్‌లైట్ల ప్యానెల్ తెరిచి చూస్తున్నాను. ఫోన్ చేసింది అతని రూమ్‌లో ఉండే నిజామాబాద్ మనిషి. "అన్నా, కాక పొద్దున డ్యూటీకి లేవలే" అన్నాడు. జ్వరమా అని అడిగాను. "కాదన్నా, ఒళ్లు సల్లగైంది" అన్నాడు. అప్పుడు అర్థమైంది. నిచ్చెన దిగి, కింద సిమెంటు మీదే కూర్చుండిపోయాను.

ఇది పోయిన నెల మాట. కాక అని పిలిచేవాణ్ణే కానీ, అతను నాకు చుట్టం కాదు. మాది జగిత్యాల దగ్గర, వాళ్ళది కోరుట్ల అవతల. ఈ అరబ్బు దేశంలో అల్ హైల్ దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక ఫుట్‌బాల్ స్టేడియంలో ఇద్దరం ఒకే కంపెనీ కింద పనిచేశాం. నేను ఎలక్ట్రీషియన్ని. అతను గ్రౌండ్ మనిషి. గడ్డికి నీళ్ళు పట్టడం, గీతలు వేయడం, గ్యాలరీలు ఊడ్వడం, గేట్ల తాళాలు చూసుకోవడం, అన్నీ అతని పనే. ఊళ్ళో అతని కోసం ఏడ్చినవాళ్ళు ఏడ్చే ఉంటారు. ఇక్కడ అతను ఏం చేశాడో తెలిసినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అందుకని రాస్తున్నాను.

మా స్టేడియంలో ఆడే క్లబ్ ప్రొఫెషనల్ లీగ్‌లోదే. కానీ పట్టికలో ఎప్పుడూ అడుగునే ఉంటుంది. మ్యాచ్‌కు జనం ఎంత పలచగా వస్తారంటే, గోల్ పడితే అరిచినవాడెవడో గొంతును బట్టి చెప్పేయొచ్చు. మొదట్లో నాకిది వింతగా ఉండేది. లైట్లన్నీ వెలుగుతుంటాయి, పచ్చిక మెరుస్తుంటుంది, చుట్టూ ఖాళీ కుర్చీలు. పెళ్ళి పందిరి వేసి చుట్టాల్ని పిలవడం మరిచిపోయినట్టు.

"ఎందుకొస్తలేరు కాకా జనం?" అని ఒకసారి అడిగాను.

కాక చీపురు ఆపలేదు. "ఆడేటోళ్లు పొద్దంత ఆఫీసుల కొలువు చేసి, సాయంత్రం ఈడికొచ్చి ఉరుకుతరు. జీతం సుత టైముకు రాదట. జెర మంచిగ ఆడెటోడు ఏడాది తిరగకముందే ఇంకో క్లబ్బుకు పోతడు. ఓడేది చూసుటానికి ఎవరొస్తరు బిడ్డా? హోటల్ల కూసుంటె పెద్ద టీవీల యూరప్ మ్యాచు కనవడుతది, ఏసీ ఉంటది, చాయ్ ఉంటది" అన్నాడు. తర్వాత గ్యాలరీ మెట్టు మీద ఏదో వంగి తీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. చిన్న సిమెంటు పెచ్చు. వెనకవైపు ఎర్రగా తుప్పు అంటుకుని ఉంది. "ఇగో, ఇది గూడ ఒకటి" అన్నాడు.

కాక ఊళ్ళో సుతారి పని చేసినవాడు. గోడ కట్టడం, స్లాబు పోయడం ఎరిగినవాడు. తూర్పు గ్యాలరీకి కప్పు లేదు. ఎండంతా దాని మీదే. సముద్రం గాలిలోని ఉప్పు ఏళ్ళ తరబడి లోపలి ఇనుప చువ్వల్ని తింటోందని అతని అనుమానం. గ్యాలరీ కిందికి తీసుకెళ్ళి నాకు చూపించాడు. పైన స్లాబు అడుగున పగులు ఒకటి పొడుగ్గా పాకి ఉంది. దాని చివర సుద్దముక్కతో గీత గీసి ఉంది. ఆ గీత దాటి పగులు ఒక జానెడు ముందుకు పోయింది. అక్కడ ఇంకో గీత. దాన్నీ దాటింది. అలాంటి గీతలు ఏడో ఎనిమిదో ఉన్నాయి.

"ఎన్ని రోజులకోసారి గీస్తవ్ కాకా?"

"ముందుగాల ఏడాదికోటి గీసిన" అన్నాడు. "ఇప్పుడు నెలకోటి."

నాకు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను. బయట గ్రౌండ్‌లో ఆటగాళ్ళు ప్రాక్టీస్ చేస్తున్నారు. బంతి తన్నిన ప్రతిసారీ ఆ చప్పుడు స్లాబులోంచి మా తలల మీదికి దిగుతున్నట్టు అనిపించింది.

కాక మూడుసార్లు సూపర్‌వైజర్‌కు చెప్పాడు. ఫోటోలు తీసి పంపమన్నాడాయన. తీసి పంపింది నేనే. రంగు వేయడానికి మనుషుల్ని పంపారు. పగులు మీద తెల్లరంగు పడింది. రెండు వారాలకు అదే చోట రంగు కూడా చీలింది.

అప్పట్నుంచి కాక తనకు తోచిన పని తను చేయడం మొదలుపెట్టాడు. మ్యాచ్ రోజు ఎవరైనా తూర్పు వైపు వస్తే, "రంగు ఏసినం, పచ్చిగుంది, అటు పోయి కూసోండ్రి" అని తనకొచ్చిన హిందీలో, నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పి పంపేసేవాడు. చేతిలో ఖాళీ రంగు డబ్బా ఒకటి పట్టుకుని మరీ నిలబడేవాడు. ఎన్నాళ్ళని పచ్చి రంగు? కొందరు విసుక్కుని వెనక్కే పోయారు. మళ్ళీ రాలేదు. ఈ నిజం కూడా చెప్పాలి. ఉన్న కాస్త జనం తగ్గడంలో కాక చెయ్యి కూడా ఉంది. అది అతనికీ తెలుసు. "ఖాళీ కుర్చీని చూసి ఎందుకు బాధవడుడు? కూసున్నోణ్ణి చూసి భయపడాలె" అనేవాడు.

క్లబ్ మేనేజర్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఇదే క్లబ్‌కు ఆడాడట. జనం రాని గ్యాలరీల్ని చూసినప్పుడల్లా అతని మొహం వాడిపోయేది. పోయిన చలికాలంలో ఒక మ్యాచ్‌ను టీవీలో నేరుగా చూపిస్తారని, స్పాన్సర్లు కూడా వస్తారని తెలిసింది. ఖాళీ కుర్చీలు కనపడితే వచ్చే ఏడాది క్లబ్ ఉంటుందో లేదో అన్నాడు. కెమెరాకు ఎదురుగా కనపడేది తూర్పు గ్యాలరీయే. దాన్ని నింపడానికి రుసైల్ క్యాంపుల నుంచి కూలివాళ్ళను బస్సుల్లో తెప్పించారు. మనిషికో టీషర్టు, ఒక బిర్యానీ పొట్లం ఇచ్చారు. సెలవు రోజు, ఉత్తినే ఆట చూడొచ్చు. అందరూ సంతోషంగా దిగారు. వాళ్ళలో మన భాష మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. చప్పట్లు ఎలా కొట్టాలో, గెంతుతూ ఎప్పుడు అరవాలో ఒకతను మైకులో నేర్పిస్తున్నాడు.

తూర్పు గ్యాలరీ గేటుకు తాళం వేసి ఉంది. కంపెనీ తాళం కాదు. కాక సొంతంగా కొన్న పెద్ద తాళం. తాళంచెవి ఏదని అడిగితే పోయిందన్నాడు.

మేనేజర్ నన్ను పిలిచి ఇనుము కోసే గ్రైండర్ తెమ్మన్నాడు. తెచ్చాను. కాక గేటుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల మీద తువ్వాల. వెనక బస్సులవాళ్ళు పాటలు పాడుతున్నారు.

"కాకా, పక్కకు జరుగు. నా కొలువు పోతది" అన్నాను.

"కొయ్యి బిడ్డా. నేనొద్దంటలేను" అన్నాడు మెల్లగా. "కోసినంక మొదలు నువ్వు పోయి కూసో. నడిమిట్ల. ఆట అయిపోయెదాక లేవకు."

నేను గ్రైండర్ ప్లగ్ పెట్టాను. స్విచ్ నొక్కలేదు. డిస్క్ విరిగిందని మేనేజర్‌తో అబద్ధం చెప్పాను. ఆట మొదలయ్యే టైమ్ అయింది. బస్సులవాళ్ళను పడమటి గ్యాలరీలోనే ఇరికించారు. టీవీలో ఆ సాయంత్రమంతా కనపడింది సిమెంటు మెట్ల మీద ఖాళీ కుర్చీలు, వాటి మీద ఎర్రటి ఎండ.

మర్నాడే కాకను రుసైల్ గోడౌన్‌కు మార్చేశారు. పెట్టె సర్దుకున్నాడు. వెళ్ళేముందు సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. తర్వాతి వారం మేనేజర్ మళ్ళీ గ్రైండర్ తెమ్మన్నాడు. గేటు దగ్గర కాక లేడు. తాళం నేనే కోశాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లకు మనుషులు ఆ గ్యాలరీలో కూర్చున్నారు. నేను లైట్లు వేసి, ప్యానెల్ రూమ్ తలుపు మూసుకుని లోపలే ఉండేవాణ్ణి. బయట అరుపు లేచినప్పుడల్లా అది గోల్ అరుపో, ఇంకేదో తెలిసేదాకా తలుపుకు చెవి ఆనించి నిలబడేవాణ్ణి. గీతలు చూడ్డానికి గ్యాలరీ కిందికి వెళ్ళే ధైర్యం కూడా లేకపోయింది.

తర్వాత వానలు పడ్డాయి. రెండు రోజులు విడవకుండా పడ్డాయి. వాదీలు, అంటే ఎప్పుడూ ఎండిపోయి ఉండే ఇక్కడి వాగులు, పొంగి రోడ్లు మూసేశారు, మ్యాచ్ వాయిదా పడింది. మూడో రోజు పొద్దున డ్యూటీకి వెళ్ళేసరికి తూర్పు గ్యాలరీ నడిమి భాగం లేదు. పై అయిదు వరసలు కింది వరసల మీద కూలి, అన్నీ కలిసి నేలకు దిగిపోయి ఉన్నాయి. కుర్చీలు కొన్ని తలకిందులుగా గాలిలో వేలాడుతున్నాయి. చువ్వలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు, నీళ్ళు కారే చప్పుడు తప్ప.

కాకకు ఫోన్ చేశాను.

"ఎవరన్న ఉండిరా?" అన్నాడు.

"ఎవ్వరు లేరు కాకా."

ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. తర్వాత, "తాళం ఉండెనా?" అని అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "నేనే కోసిన కాకా. మూడు ఆటలు కూసుండవెట్టిన్రు."

"భయమైందా?"

"అయింది."

"నాగ్గూడ మస్తు భయమైంది బిడ్డా. అందుకే తాళమేసిన" అన్నాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంజినీర్లు వచ్చారు, చూశారు, తూర్పు వైపు రేకులు అడ్డం కట్టారు. పడమటి గ్యాలరీకి ఏం ఫర్వాలేదన్నారు. రెండూ ఒకేసారి కట్టినవి. సముద్రం గాలి రెండింటికీ ఒకటే. నేను అడిగితే, దానికి కప్పుంది కదా అన్నారు. మళ్ళీ రంగు వేశారు.

కాక పోవడానికి ముందు ఒక శుక్రవారం మ్యాచ్ చూడ్డానికి వచ్చాడు. రుసైల్ నుంచి బస్సెక్కి, ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని, చూసేవాడిలా గేటులోంచి వచ్చాడు. పన్నెండేళ్ళు అక్కడ పనిచేశాడు కానీ ఎప్పుడూ ఆట వైపు వీపు పెట్టి, మెట్ల వైపు చూస్తూ నిలబడ్డవాడే. పడమటి గ్యాలరీ ఎక్కుదామంటే వద్దన్నాడు. గోల్ వెనకాల నేల మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను.

"మనోళ్లు ఏ అంగీలేసుకున్నరు?" అని అడిగాడు.

"తెల్లయి కాకా."

తెల్ల అంగీలవాళ్ళకు బంతి దొరికినప్పుడల్లా చిన్నపిల్లాడిలా ముందుకు వంగాడు. ఒక గోల్ కొట్టారు. చప్పట్లు కొట్టాడు, నన్ను కూడా కొట్టమన్నాడు. చివరికి మావాళ్ళు ఓడిపోయారు. "ఓడుడు ఓడిన్రు గని, మంచిగ ఉరికిన్రు" అన్నాడు.

ఆట అయిపోయి జనం పడమటి గ్యాలరీ దిగుతున్నారు. ఓ యాభై మంది ఉంటారేమో. ఏ ఇంటివాళ్ళో నలుగురు పిల్లలు పై వరస నుంచి రెండు కాళ్ళూ కలిపి ఒక్కో మెట్టూ దూకుతున్నారు. దూకిన ప్రతిసారీ నవ్వుతున్నారు. ధబ్, ధబ్ మని ఆ చప్పుడు ఖాళీ గ్రౌండ్ దాటి మా దాకా వస్తోంది.

కాక కుర్చీలోంచి లేచాడు. "పోదాం కాకా, బస్సు పోతది" అన్నాను. నా వైపు చూడకుండా, ఆగమని చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి అలాగే ఉంది. పెదవులు కదులుతున్నాయి, మెట్లు లెక్కపెడుతున్నట్టు. ఆఖరి పిల్ల, రెండు జడల పిల్ల, కింది మెట్టు మీద ఆగి, ఒళ్ళంతా ఊపుకుని గడ్డి మీదికి దూకింది. అప్పుడు కాక చెయ్యి దించాడు.